నలభై ఏడో నంబరు తాడి

వైనతేయ గట్టు మీద తాడిచెట్లకు
నంబర్లు వేయడం నా కొలువు.
ఒక తారు డబ్బా, కొబ్బరి పీచు కుంచె,
చంకలో ఎక్సైజు వారి పొడుగు పుస్తకం.

నలభై ఏడు వాసంశెట్టి సూరన్నది.
మొవ్వు కింద, ఎండిన మట్ట మొదట్లో
ఏ గోరింక ముక్కు తుడుచుకుందో,
రెండాకుల జువ్వి.
చిలక వాలిందనుకున్నాను కింద నుంచి.

"మొలలో కత్తి ఉందిగా, గీకి పారెయ్" అన్నాను.
సూరన్న ముంత దించి, నురగ ఊది,
"ఉండనివ్వండి బాబూ.
ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్నాను,
అంత ఎత్తున నా వీపుకి నీడిచ్చింది
అదొక్కటేనండి" అన్నాడు.

నేనేం మాట్లాడతాను?
నా పని అంకె దిద్దడం.

మరుసటేడు ఒక వేరు బయల్దేరింది,
మొలతాడంత సన్నం.
పైకి చూసుకుంటూ ఎక్కేవాడు సూరన్న,
కిందికి తడుముకుంటూ దిగేది జువ్వి.
రోజుకు రెండు పూటలా ఆయన,
ఏడాదికి బారెడు అది.
ఇద్దరిదీ ఒకటే పట్టు:
చెట్టును ఛాతీకి హత్తుకుని
చేతులు వెనక కలపడం.
ఎక్కడో సగం దారిలో ఎదురుపడే ఉంటారు.
ఎవరు తప్పుకున్నారో ఆయన చెప్పలేదు.

వేరు నేలను తాకింది
కాలవకి నీళ్ళు వదిలిన వారంలో.
అప్పటిదాకా గాలి తిని, వాన తాగి,
మట్టల్లో పేరుకున్న దుమ్ము నాకి
చుట్టపుచూపుగా ఉన్నది
మట్టి రుచి తెలిశాక ఆగలేదు.
వేరు వేరును వెతుక్కుంది,
కలిసిన చోటల్లా కరిగి అతుక్కుంది.
చేప లోపల ఉండగానే
చుట్టూ అల్లుతూ పోయిన వల.

నా నాలుగు ముందు పోయింది.
తారు గీత మీదికి బూడిదరంగు చర్మం
నిద్రలో దుప్పటి లాక్కున్నట్టు వచ్చింది.
ఏడు మిగిలింది కొన్నాళ్ళు,
గోడకి ఒంటరి కొక్కెంలా.

మోకు చాల్లేదు. సూరన్న రెండు మూరలు కలిపాడు.
పై ఏడు మరో మూడు.
తర్వాత మోకు ఇంట్లో పడేసి
వేళ్ళే మెట్లు చేసుకున్నాడు.
"చెప్పులేసుకుని కూడా ఎక్కొచ్చండీ ఇప్పుడు!"
ముంత మాత్రం సగానికి దిగింది,
ఆనక అడుగు తడిసేది.
"వట్టిపోయిన గేదె మల్లే చూస్తందండి నాకేసి."

తుఫాను వచ్చిన కార్తీకంలో
గట్టు మీద నలభై ఆరూ లేదు, నలభై ఎనిమిదీ లేదు.
విరిగి కాలవకి అడ్డంపడి ఉన్నాయి,
ముంజలింకా గెలలకే.
నలభై ఏడు నిలబడింది.
జువ్వి గుబురు చీల్చుకుని మూడు మట్టలు,
గుడ్డ పోయిన గొడుగు ఊచల్లా.

మంగాయమ్మ పసుపు గిన్నె తెచ్చింది వేళ్ళకు రాద్దామని.
సూరన్న గిన్నె లాక్కున్నాడు.
"పట్టుకుందీ అదే, పట్టేసిందీ అదే.
దేనికి పెడతావే బొట్టు?"

ఆ ఏడు పుస్తకంలో రెండు గడులు.
ఉన్నది. లేనిది.
జీపులోంచి ఇన్‌స్పెక్టరు హారన్ కొట్టిస్తున్నాడు.
చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాను.
సందు చూసి మోచేతి దాకా చెయ్యి దూర్చాను.
మెత్తటి పొట్టు, చల్లగా,
పులిసిన వాసన,
దాని వెనక గట్టిగా ఇంకేదో.
అది తాడో, అవతలి పక్క జువ్వో
నా వేళ్ళకు తెలియలేదు.

ఉన్నది, అని రాశాను.

చుక్క కల్లు లేని చెట్టుకి
సూరన్న పన్ను కట్టాడు,
ఆ ఏడూ, ఆ పై ఏడూ.
నా రాతకి కట్టాడో,
నీడ బాకీ తీర్చుకున్నాడో
అడగలేకపోయాను.

కొలువైపోయింది. డబ్బాలో తారు రాయైపోయింది.
ఆ గట్టున వెళ్ళినప్పుడు ఇప్పటికీ ఆగుతాను.
ఏడు ఉండాల్సిన చోట
వేరు కాస్త ఉబ్బి ఉంటుంది,
మింగింది అరగనట్టు.